మైదానం తాళం ఎవరి దగ్గర?

పశ్చిమ జర్మనీలో 1955 నుంచి 1970 వరకు స్త్రీలు ఫుట్‌బాల్ ఆడటం నిషేధం అని చాలామంది రాస్తుంటారు. కానీ అక్కడ అలాంటి చట్టమేదీ లేదు. 1955 జూలై 30న బెర్లిన్‌లో సమావేశమైన జర్మన్ ఫుట్‌బాల్ సమాఖ్య చేసింది ఒక తీర్మానం మాత్రమే. సభ్య క్లబ్బులు స్త్రీల జట్లు పెట్టకూడదు, స్త్రీల ఆటకు తమ మైదానాలు ఇవ్వకూడదు, ఆ ఆటలకు రిఫరీలు వెళ్లకూడదు. అంతే. ఏ స్త్రీనీ బంతి తన్నొద్దని అందులో అనలేదు. తన్నే చోటు లేకుండా చూశారు, అంతే తేడా.

ఇంత చిన్న తీర్మానం పదిహేనేళ్లు ఎలా పనిచేసింది? ఇది తెలియాలంటే జర్మనీలో చిన్న ఊరి క్లబ్బు అంటే ఏమిటో తెలియాలి. మనకి క్లబ్బు అనగానే పేకాట, ఆఫీసర్లు గుర్తొస్తారు. వాళ్ల ‘ఫెరైన్’ అది కాదు. నమోదు చేసుకోవడానికి ఏడుగురు సభ్యులు, ఒక నియమావళి, ఎన్నికైన కార్యవర్గం ఉంటే చాలు, స్థానిక కోర్టులో పేరెక్కుతుంది. గడ్డి కోసేదీ, పిల్లలకి ఆట నేర్పేదీ, ఆదివారం పూట బీరు అందించేదీ అందరూ ఊళ్లోవాళ్లే, ఎక్కువమంది జీతం లేకుండా. ఊళ్లో మైదానం ఒకటే ఉంటుంది. నేల మునిసిపాలిటీదైనా వాడుకునేది క్లబ్బు, తాళం చెవి క్లబ్బు దగ్గరే. ఆ క్లబ్బు సమాఖ్యలో సభ్యురాలు. ఊరుమ్మడి ఆస్తి అంటూనే ఊళ్లో సగంమందిని బయట నిలబెట్టడం ఎలాగో మనకి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

సంఘంగా కూడటం అనేదే అక్కడ స్త్రీలకు ఆలస్యంగా దక్కిన హక్కు. ప్రష్యాలో 1850 నాటి చట్టం రాజకీయాలు మాట్లాడే సంఘాల్లో స్త్రీలకి సభ్యత్వం లేదంది. ఆ అడ్డు జర్మన్ సామ్రాజ్యమంతటా తొలగింది 1908లో. క్రీడా సంఘాలకు ఆ నిబంధన నేరుగా వర్తించకపోవచ్చు. కానీ సంఘమంటే మగవాళ్లది అన్న అలవాటు చట్టంతోపాటు పోలేదు.

ఈ కథలో నన్ను ఎక్కువగా పట్టుకున్నది వోర్‌ష్టాట్ అనే ఊరు. మైన్జ్ నగరానికి దక్షిణాన, ద్రాక్షతోటల మధ్య ఉన్న చిన్న పట్టణం, జనాభా కొన్ని వేలు. అక్కడి క్లబ్బు పేరు టూస్ వోర్‌ష్టాట్. టూస్ అంటే వ్యాయామ, క్రీడా సంఘం. పేరులో 1847 అన్న అంకె కూడా ఉంది. ఫుట్‌బాల్ నియమాలు లండన్‌లో రాసుకోవడానికి పదహారేళ్ల ముందు మాట అది. అప్పట్లో ఇలాంటి సంఘాలు బంతాట కోసం కాదు, కసరత్తు కోసం పుట్టాయి. 1848 విప్లవంలో పాల్గొన్న ప్రజాస్వామ్యవాదులు చాలామంది ఈ కసరత్తు సంఘాల నుంచి వచ్చినవాళ్లే. స్వేచ్ఛ గురించి అంత మాట్లాడిన సంఘాలు మగవాళ్ల సంఘాలుగానే ఎదిగాయి.

వోర్‌ష్టాట్ దగ్గరికి మళ్లీ వస్తాను. ముందు సమాఖ్య చెప్పిన కారణాలు చూద్దాం. పోటీతత్వం స్త్రీ స్వభావానికి పరాయిదట. బంతికోసం కుమ్ములాటలో లాలిత్యం పోతుందట, దేహమూ మనసూ దెబ్బతింటాయట, శరీర ప్రదర్శన మర్యాదకి భంగమట. ఈ వాదనకి అప్పటి పండితుల అండ కూడా ఉంది. డచ్ మనస్తత్వవేత్త బోయ్టెన్‌డైక్ 1953లో ఫుట్‌బాల్ మీద రాసిన పుస్తకంలో తన్నడం పురుష లక్షణమన్నాడు. తన్నించుకోవడం స్త్రీ లక్షణమా అన్న ప్రశ్నని జవాబివ్వకుండా వదిలేశాడు. సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి నాకు ఆ వదిలేయడమే ఎక్కువ కనిపిస్తుంది. ప్రశ్నలా రాసిన తీర్పు అది.

ఇదేమీ 1955లో కొత్తగా పుట్టిన భయం కాదు. 1930లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో మాంసం కొట్టు నడిపేవాళ్లమ్మాయి లోటె ష్పెష్ట్ పత్రికలో ప్రకటన ఇస్తే ముప్ఫై అయిదు మంది దాకా అమ్మాయిలు వచ్చారు. క్లబ్బు పెట్టారు. చూడటానికి వచ్చినవాళ్లు రాళ్లు విసిరారు, పత్రికలు వెక్కిరించాయి. ఏడాది తిరక్కుండానే క్లబ్బు మూతపడింది.

అయినా నిషేధం ఉన్న ఏళ్లలోనే స్త్రీలు ఆడారు. 1956 సెప్టెంబరులో ఎస్సెన్‌లో జర్మనీ, నెదర్లాండ్స్ స్త్రీలు తలపడితే పద్దెనిమిది వేలమంది చూశారంటారు. జర్మనీ 2-1తో గెలిచింది. మరుసటి ఏడాది మ్యూనిక్ నగరం తన సొంత స్టేడియం ఇచ్చింది. నగరపాలక సంస్థ తలుపు తీస్తే సమాఖ్య చేయగలిగింది తక్కువ. నిషేధం బలంగా పనిచేసింది చిన్న ఊళ్లలోనే. అక్కడ రెండో మైదానం లేదు మరి.

కానీ నిషేధానికి చిల్లు పడిందీ చిన్న ఊళ్లలోనే! అరవైల చివరికొచ్చేసరికి సమాఖ్యని పట్టించుకోకుండా ఊరి క్లబ్బులు ఆడవాళ్లకు గేటు తెరవడం మొదలుపెట్టాయి. ఇది స్త్రీవాద చైతన్యమని నేననను. ఒకచోట వేసవి ఉత్సవంలో నవ్వుకోవడానికి ఆడించిన ఆట మరుసటి వారం సాధనగా మారింది. ఒకచోట ఆటగాళ్ల చెల్లెళ్లూ భార్యలూ ఇక గీత అవతల నిలబడమన్నారు. 1970 జూలైలో ఇటలీలో అనధికారికంగా స్త్రీల ప్రపంచకప్పు జరిగింది. పశ్చిమ జర్మనీ పేరు మీద ఆడింది ఎవరనుకున్నారు? ఆర్ లోయలోని బాడ్ నోయెనార్ అనే స్నానతీర్థపు ఊరి క్లబ్బు అమ్మాయిలు. సమాఖ్య తీర్మానం అప్పటికింకా చెక్కుచెదరకుండా ఉంది.

అదే ఏడాది అక్టోబరు 31న ట్రావెమ్యుండెలో సమాఖ్య నిషేధం ఎత్తేసింది. మనసు మారి కాదు, స్త్రీలు వేరే సమాఖ్య పెట్టుకుంటారన్న భయంతో. ఎత్తేస్తూనే షరతులు పెట్టింది. సగానికి ముప్ఫై నిమిషాల చొప్పున ఆట, తేలికపాటి బంతి, బూట్ల కింద మేకులుండకూడదు, చలికాలంలో ఆరు నెలలు విరామం. స్త్రీల ఆట తొంభై నిమిషాలకి చేరింది 1990లలో.

వెక్కిరింతలు కూడా ఆగలేదు. 1970లో టెలివిజన్‌లో ప్రముఖ వ్యాఖ్యాత విమ్ టోల్కె స్త్రీల ఆట చూపిస్తూ ఒక శ్లేష వేశాడు. జర్మన్‌లో ‘డెకెన్’ అంటే ప్రత్యర్థిని కాచుకోవడం, భోజనాల బల్ల సర్దడం కూడా. ఆ రెండర్థాల మధ్య ఆయన ఆడవాళ్లని బల్ల దగ్గరికి పంపించాడు. భాషలోనే వంటగది ఉంటే వ్యాఖ్యాత పెద్దగా కష్టపడక్కర్లేదు.

1974లో స్త్రీలకు మొదటి జాతీయ చాంపియన్‌షిప్ పెట్టారు. సెప్టెంబరు 8న మైన్జ్‌లో ఫైనల్. టూస్ వోర్‌ష్టాట్ ఒకవైపు, గెల్సెన్‌కిర్షెన్‌లోని ఎర్లె నుంచి ఒక కాథలిక్ క్రీడా సంఘం మరోవైపు. వోర్‌ష్టాట్ 4-0తో గెలిచింది. ఆ ఆటలో బేర్బెల్ వోల్‌లేబెన్ కొట్టిన గోలుని టెలివిజన్ ప్రేక్షకులు ‘ఈ నెల గోలు’గా ఎన్నుకున్నారు. ఆ గౌరవం ఒక స్త్రీకి దక్కడం అదే మొదలు. బల్ల శ్లేషకి నాలుగేళ్లయింది. చూసేవాళ్లు వ్యాఖ్యాతలకంటే ముందున్నారన్నమాట.

జాతీయ జట్టు మాత్రం 1974లో లేదు, 1981లోనూ లేదు. ఆ ఏడాది తైవాన్‌లో అంతర్జాతీయ పోటీకి పిలుపొస్తే కొలోన్ పక్కనున్న బెర్గిష్ గ్లాడ్‌బాఖ్ క్లబ్బు స్త్రీలు ఖర్చులు తామే కూడగట్టుకుని వెళ్లి గెలిచొచ్చారు. మరుసటి ఏడాది నవంబరు 10న సమాఖ్య తొలి జాతీయ జట్టుని కోబ్లెంజ్‌లో దింపింది. ఆ జట్టే 1989లో యూరప్ కప్పు గెలిస్తే ఒక్కొక్కరికీ బహుమానంగా ఇచ్చింది కాఫీ కప్పుల సెట్టు. ఈ సంగతి ఇప్పుడు అందరూ నవ్వుతూ చెప్పుకుంటారు. నాకు నవ్వు రాదు. అదే ‘డెకెన్’ అనిపిస్తుంది, పింగాణీలో.

1993లో జర్మన్ చాంపియన్ నీడర్‌కిర్షెన్ అనే ద్రాక్షతోటల పల్లె. అలాంటి పేరు ఆ జాబితాలో మళ్లీ కనపడుతుందని నేననుకోను. ఆట పెద్దదై డబ్బు వచ్చేకొద్దీ మగవాళ్ల వృత్తి క్లబ్బులు స్త్రీల జట్లు పెట్టుకున్నాయి. స్త్రీల కోసమే నడిచిన ఫ్రాంక్‌ఫర్ట్ క్లబ్బు 2020లో నగరంలోని పెద్ద క్లబ్బులో కలిసిపోయింది. ఆటగత్తెలకు జీతాలొచ్చాయి, వైద్యులొచ్చారు. దాన్ని కాదనలేం. అయితే నిషేధకాలంలో తాళం తీసిన ఊళ్లు ఇప్పుడు కథలో లేవు.

ఈ క్లబ్బులు యాభయ్యో నూరో ఏళ్లు నిండితే మన సావనీరు లాంటి సంచిక వేస్తాయి. మేయరు శుభాకాంక్షలు, అధ్యక్షుల వరుస, యుద్ధంలో చనిపోయినవాళ్ల పేర్లు. ఈ పుస్తకాలదొక సాహిత్య ప్రక్రియ అనే అంటాను. అందులో స్త్రీలు సాధారణంగా జెర్సీలు ఉతికినందుకూ కేకులు చేసినందుకూ ‘మన మహిళలకు కృతజ్ఞతలు’ అన్న ఒక్క వాక్యంగా, పేర్లు లేకుండా వస్తారు. గోళ్లు కొట్టిన ఏళ్లలో కూడా ఉతికింది వాళ్లే కదా.

1970లో జర్మనీ పేరు మోసిన బాడ్ నోయెనార్ స్త్రీలు 1978లో దేశ చాంపియన్లయ్యారు. పైస్థాయి లీగులో ఏళ్లపాటు నిలిచారు. 2013లో అప్పులు తీర్చలేక దివాలా తీశారు, లీగులో చోటు పోయింది. అదే ఊళ్లో వెంటనే ఇంకో క్లబ్బు నమోదైంది. పాత పేరులో 1907ని సూచించే 07 ఉండేది. కొత్త పేరులో 13 ఉంది.