గుర్రాలు పసిగట్టిన మారుమనస్సు

సౌత్ వేల్స్ లోయలకు బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చిన తెలుగువాళ్లకు ప్రార్థన మందిరాల మీది పేర్లు చదువుతుంటే ప్రాణం లేచొస్తుంది. బేతేలు, సీయోను, హెబ్రోను, ఎబెనెజరు. ఒంగోలు, గుంటూరు వీధుల్లో చూసిన పేర్లే! తలుపులకు మాత్రం చాలాచోట్ల తాళాలు. కొన్నిటిని ఫ్లాట్లుగా మార్చేశారు.

ఇవి కిటకిటలాడిన కాలం 1904. చిన్నతనంలోనే బొగ్గు గనిలో దిగిన ఇవాన్ రాబర్ట్స్ పాస్టరు చదువు మధ్యలో ఆపి సొంత ఊరు లఖర్‌కు వచ్చాడు. అక్టోబరు 31 రాత్రి మోరియా మందిరంలో ప్రార్థన కూడిక అయ్యాక, ఇంకాసేపు ఉండగలిగినవాళ్లను ఉండమన్నాడు. మిగిలింది 17 మంది. తెలిసిన పాపం ఒప్పుకోవాలి, మనసు ఒప్పని అలవాటు మానాలి, ఆత్మ చెప్పినట్టు వెంటనే నడవాలి, క్రీస్తును నలుగురిలో ఒప్పుకోవాలి. ఆయన అడిగినవి ఈ నాలుగే. అలా మొదలైన ఉజ్జీవంలో దాదాపు లక్షమంది రక్షణ పొందారని అంచనా.

గనుల్లో బొగ్గు బళ్లు లాగేవి గుర్రాలు. తోలేవాళ్లు వాటిని బూతులతోనే అదిలించేవాళ్లు. మారుమనస్సు పొందినవాడి నోట తిట్టు రాకపోయేసరికి ఏం చెయ్యాలో తెలియక గుర్రాలు నిలబడిపోయాయని అప్పటి ప్రసంగీకులు చెప్పారు. అరక దున్నిన ఇంట పుట్టినవాళ్లు దీన్ని ఇట్టే నమ్ముతారు. ఎద్దుకు తోలేవాడి గొంతే పగ్గం. కొత్త పాలేరు వచ్చిన రోజు చాల్లో ఆగి వెనక్కి చూస్తుంది. నాలుగు రోజులు మెత్తగా పిలిస్తే ఆ పిలుపుకే అడుగేస్తుంది. గని గుర్రాలూ అలాగే నేర్చుకుని ఉంటాయి. కొత్త జన్మకు ఇంతకన్నా గట్టి సాక్షి ఎక్కడ దొరుకుతుంది?

పాత బాకీలు తీరాయి. సారా దుకాణాలు వెలవెలబోయాయి. విచారించడానికి కేసుల్లేని మేజిస్ట్రేట్లకు ఆనవాయితీగా తెల్ల చేతితొడుగులు అందాయి.

రాబర్ట్స్ పుట్టింది 1878 జూన్ 8న. సరిగ్గా 25 రోజులకు, జూలై 3న, ఇక్కడ ఒంగోలు వైపు, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా నీళ్లలో దిగి ఇచ్చారు. అది కరువు కాలం. బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కూలి పని చూపించిన మిషనరీ క్లౌ దొర, కూటి కోసం చేరారన్న మాట రాకూడదని నెలల తరబడి బాప్తిస్మాలు ఆపేశాడు. అలా ఆగి ఉండటమే ఆయన చేసిన గొప్ప పని.

రాబర్ట్స్‌కు అలా ఆగే తీరిక చిక్కలేదు. ఊరూరా తిరిగి, 1906కల్లా ఆరోగ్యం చెడి, జనం ముందుకు రావడం మానేశాడు. 1951లో కార్డిఫ్‌లో చనిపోయాడు. 2021 జనాభా లెక్కల్లో ఏ మతమూ లేదన్న వేల్స్ వాళ్లు 46.5 శాతం, క్రైస్తవులమన్నవాళ్లు 43.6 శాతం. చదివితే గుండె కలుక్కుమంటుంది.

ఇక క్లౌ కాలంలో ఒంగోలు చుట్టుపక్కల మాదిగపల్లెల్లో విశ్వాసులు ఆదివారం పని చెయ్యబోమన్నారు, చచ్చిన పశువు మాంసం ముట్టబోమన్నారు, విగ్రహాలకు మొక్కబోమన్నారు. జాతరలో డప్పు కొట్టబోమన్నందుకు ఊళ్లో దెబ్బలు తిన్నారు. అయినా మళ్లీ డప్పు పట్టలేదు.