కావలి లేని నాణెం - ఒక చారిత్రక పరిశీలన

బిట్‌కాయిన్‌ను గురించి మన కళాశాలల్లో సైతం ఒక భ్రమ వ్యాపించి వున్నది. దానికి రాజు లేడు, బ్యాంకు లేదు, పోలీసు లేడు. అక్కడ గణితశాస్త్రమే పరిపాలిస్తుంది కాబట్టి మనిషి మీద మనిషి పెత్తనం పోయిందని చెబుతారు. బ్యాంకుల తీరు చూసి విసిగిన యువకులు ఈ మాటను నమ్మటంలో ఆశ్చర్యం లేదు. అయితే నలుగురు చేరే ఏ చోటనైనా రెండు తగాదాలు తప్పవు. చెత్త తెచ్చి పోసేవాడిని ఏం చేయాలి? కట్టుబాటు మీరినవాడిని ఏం చేయాలి? పాలకుడే లేడన్న ఈ నాణేనికి కూడా ఈ తగాదాలు పుట్టిననాటి నుంచీ వున్నవి. పుట్టకముందు నుంచీ వున్నవంటే ఇంకా సరిగా వుంటుంది. ఆ నాణేన్ని నడిపించే యంత్రాంగానికి మూలమైన ఆలోచన మొదట పుట్టింది చెత్త ఉత్తరాలను ఆపటానికి. ఈ సంగతి ప్రచారకులు సాధారణంగా దాటవేస్తారు. మనం మాత్రం అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

1978 మే నెలలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ అనే అమెరికా కంప్యూటర్ కంపెనీలో అమ్మకాల వ్యవహారాలు చూసే గ్యారీ థ్యూర్క్, తమ కొత్త యంత్రాల ప్రదర్శనకు రమ్మంటూ దాదాపు 400 మందికి ఒకేసారి ఉత్తరం పంపాడు. పంపింది ఆర్పానెట్ మీద. అది అమెరికా రక్షణశాఖ సొమ్ముతో నడిచే వ్యవస్థ. దాని మీద వ్యాపారం నిషిద్ధం. అధికారులు గట్టిగా మందలించారు. అక్కడ కావలివాడు ఎవరో అందరికీ తెలుసు: సైన్యం. అటువంటి కావలిని మనం కోరుకోము. కాని ఆ కావలి తన ముఖం దాచుకోలేదన్నది గుర్తుంచుకోవాలి. ఈ విషయం ముందు ముందు పనికివస్తుంది.

ప్రజల సొమ్ముతో నిర్మించిన ఈ జాలం 1990 తరువాత క్రమంగా ప్రైవేటు కంపెనీల పరమైంది. 1995 ఏప్రిల్‌లో అమెరికా జాతీయ విజ్ఞానసంస్థ తన ప్రధాన మార్గాన్ని మూసివేయటంతో ఆ బదిలీ పూర్తయింది. బదిలీ జరుగుతుండగానే, 1994 ఏప్రిల్ 12న, అరిజోనా రాష్ట్రంలోని లారెన్స్ క్యాంటర్, మార్తా సీగెల్ అనే న్యాయవాద దంపతులు యూజ్‌నెట్ అనే చర్చావ్యవస్థలోని అయిదు వేలకు పైగా శాఖల్లో ఒకే ప్రకటనను కుమ్మరించారు. గ్రీన్ కార్డు లాటరీకి దరఖాస్తు పెట్టిస్తామని ఆ ప్రకటన సారాంశం. ఎవరికి వారు ఖర్చు లేకుండా పంపుకోగల దరఖాస్తు అది! ఆ లాటరీకి అర్హత లేని దేశాల జాబితాలో ఇండియా కూడా వుండటం వల్ల మనవాళ్లు ఆ వలలో పడే అవకాశం తక్కువ. దంపతులు సిగ్గుపడలేదు సరికదా, జాలం మీద ధనం సంపాదించటం ఎట్లాగో చెబుతూ ఒక పుస్తకం కూడా రాశారు. తరువాత 1997లో టెనెసీ రాష్ట్రంలో క్యాంటర్ న్యాయవాద పట్టాను రద్దు చేశారు. ఇటువంటి ప్రకటనలకు అప్పటికే స్పామ్ అనే పేరు స్థిరపడుతూ వచ్చింది. అది అసలు ఒక డబ్బా మాంసం పేరు. ఒక బ్రిటిష్ హాస్యనాటికలో ఆ మాటే పదేపదే విసుగు పుట్టేదాకా వినిపిస్తుంది. అక్కడి నుంచి అరువు తెచ్చుకున్నారు.

ఈ దాడిని ఎదుర్కొన్న తీరును అభ్యుదయవాదులు శ్రద్ధగా చదవాలి. యూజ్‌నెట్‌కు యజమాని లేడు. అందువల్ల కొందరు వాడుకదారులే పూనుకొని, చెత్త సందేశాలను రద్దుచేసే ఆజ్ఞలు పంపటం మొదలుపెట్టారు. ఇది ప్రమాదకరమైన అధికారం. ఇవాళ చెత్తను రద్దుచేసే చేయి రేపు అభిప్రాయాన్ని రద్దు చేయవచ్చు. ఆ ప్రమాదం వారికి తెలుసు. కాబట్టి సేత్ బ్రైడ్‌బార్ట్ పేరు మీద ప్రసిద్ధమైన ఒక కొలతను పెట్టుకున్నారు. ఒకే సందేశాన్ని ఎన్నిసార్లు, ఎన్నెన్ని శాఖల్లో వేశారో లెక్కకట్టి, 45 రోజుల్లో ఆ లెక్క 20 దాటితేనే దానిని స్పామ్‌గా పరిగణించారు. సందేశంలో ఏమున్నదన్న ప్రశ్న లేదు. మతప్రచారమైనా, సబ్బుల ప్రకటనైనా, మన కరపత్రమైనా ఒకటే కొలత. ఆ కొలత నలుగురూ చర్చించి ఒప్పుకున్నది, నలుగురికీ కనిపించేది. సామాన్యులు కట్టుకున్న కట్టుబాటుకు ఇంతకన్న చక్కని ఉదాహరణ ఆ జాలం చరిత్రలో నాకు కనిపించలేదు.

మరి ఆ పనికి కూలి ఎవరిచ్చారు? ఎవరూ ఇవ్వలేదు. చందాలు వసూలు చేసుకున్నవి జాలసేవల కంపెనీలు. రాత్రిళ్లు కూర్చొని చెత్త ఊడ్చినవారు ఉచితంగా ఊడ్చారు. తమ ఖాతాదారులు పోసే చెత్తను ఆపవలసిన బాధ్యత ఆ కంపెనీలదే అయినా, ఊడ్చేవాళ్లు వున్నారు గదా అని అవి పట్టించుకోలేదు. చివరికి 1998 ఏప్రిల్‌లో ఆ స్వచ్ఛంద సేవకులు సమ్మె చేశారు. మేము చేయి ఆపితే మీ ఇంట్లో ఎంత చెత్త పేరుకుంటుందో చూసుకోండి అన్నది ఆ సమ్మె అర్థం. మునిసిపాలిటీ పారిశుధ్య కార్మికుల సమ్మెలు ఎరిగిన మనకు ఇది కొత్త పాఠం కాదు. కంప్యూటర్ల చరిత్ర రాసేవారు యంత్రాలకు ఇచ్చే పుటల్లో పదోవంతయినా ఈ చీపురు పట్టిన చేతులకు ఇవ్వరు.

ఇదే సమస్యకు ఇంకొక పరిష్కారం అప్పటికే ప్రయోగశాలలో తయారై వున్నది. 1992లో సింథియా డ్వర్క్, మోనీ నవోర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక సూచన చేశారు. ఉత్తరం పంపేవాడి కంప్యూటర్ ముందుగా ఒక లెక్కను కష్టపడి చేసి, చేసినట్టు రుజువు జతపరచాలి. ఒక ఉత్తరానికైతే ఆ శ్రమ లెక్కలోకి రాదు. పది లక్షల ఉత్తరాలకైతే మోయలేని భారమవుతుంది. 1997లో ఆడం బ్యాక్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు హ్యాష్‌క్యాష్ అనే పేరుతో దాదాపు ఇటువంటి పద్ధతినే విడిగా రూపొందించాడు. ఊడ్చేవాడి అవసరం లేదు, చర్చించి ఒప్పుకోవలసిన కొలత అవసరం లేదు. గుమ్మం దగ్గర సుంకం పెడితే చాలునన్నమాట. ఎంత శుభ్రమైన పరిష్కారం! కాని సుంకం అందరికీ ఒకటే అయినప్పుడు భారం అందరికీ ఒకటి కాదన్న సంగతి ఉప్పు పన్ను చెల్లించిన జాతికి ఎవరూ చెప్పనక్కరలేదు.

2004లో బెన్ లారీ, రిచర్డ్ క్లేటన్ అనే పరిశోధకులు దీనిని అంకెలతో పరీక్షించారు. స్పామ్ పంపేవాళ్లు సొంత యంత్రాలు వాడరు. ఇతరుల కంప్యూటర్లను రహస్యంగా లోబరచుకొని వాటిచేత పంపిస్తారు. దొంగ తన ఇంటి నూనె కాల్చి దొంగతనానికి పోడు గదా. అందువల్ల వాళ్లను ఆపగలిగినంత సుంకం పెడితే, న్యాయంగా ఉత్తరాలు రాసుకునేవారిలో ఎంతోమంది ముందుగా ఆగిపోతారని వారు తేల్చారు. ఉత్తరాల లోకంలో ఈ పద్ధతి నిలవలేదు.

ఉత్తరాల వద్ద ఓడిన ఆ యంత్రం నాలుగేళ్లకు డబ్బు వేషంలో మళ్లీ వచ్చింది. 2008 అక్టోబరు 31న, బ్యాంకుల సంక్షోభం ప్రపంచాన్ని ఊపేస్తున్న సమయంలో, సతోషి నకమోటో అనే మారుపేరుతో వెలువడిన బిట్‌కాయిన్ పత్రం ఆడం బ్యాక్ పద్ధతిని పేరుపెట్టి పేర్కొంటుంది. ఏ లావాదేవీల పుట చెల్లుతుందో నిర్ణయించే అధికారం లెక్కల శ్రమ చేసిన కంప్యూటర్లకు దక్కుతుంది. పత్రంలో దీనిని ఒక్కొక్క కంప్యూటర్‌కు ఒక్కొక్క ఓటుగా ఊహించారు. కొద్దికాలానికే ప్రత్యేక యంత్రాల గిడ్డంగులు లేచినవి. 2014 జూన్‌లో ఒకే కూటమి చేతిలోకి మొత్తం లెక్కల శక్తిలో సగం చేరే స్థితి వచ్చింది. ఓటు పోయి వాటా మిగిలింది.

గణితమే పాలిస్తుందన్న మాట ఎంతవరకు నిజమో 2010 ఆగస్టు 15 తేల్చింది. రెండు కోట్ల పది లక్షల నాణేలకు మించి ఎన్నటికీ పుట్టవని చాటుకున్న వ్యవస్థలో, కార్యక్రమంలోని ఒక లోపం పట్టుకొని ఎవరో ఒకే లావాదేవీలో 18,400 కోట్లకు పైగా నాణేలు సృష్టించారు. యంత్రం వాటిని నిరభ్యంతరంగా ఒప్పుకున్నది. ఒప్పుకోనిది మనుషులు. కొన్ని గంటల్లో నకమోటో, మరికొందరు కలిసి కార్యక్రమాన్ని సవరించి, ఆ పుటను చరిత్ర నుంచి తొలగించే కొత్త వరుసను ముందుకు నడిపించారు. 2016లో ఈథీరియం అనే మరొక నాణెం విషయంలోనూ ఇంతే. డావో అనే నిధి నుంచి 36 లక్షల ఈథర్‌ను ఒకరు నిబంధనల లొసుగు ద్వారా లాగుకోగా, రాసిన కార్యక్రమమే చట్టమని అంతకుముందు వాదించినవారిలో చాలామంది జూలై 20న చరిత్రను మార్చి ఆ సొమ్ము వెనక్కు తెచ్చారు. ఒప్పుకోనివారు విడిపోయి పాత వరుసనే పట్టుకున్నారు. దొంగసొమ్ము వెనక్కు రావటాన్ని నేను తప్పుపట్టను. ఆ నిర్ణయానికి ముందు అభిప్రాయసేకరణ జరిపినప్పుడు, ఎవరి వద్ద ఎంత నాణెం వున్నదో అంత బరువు వారి ఓటుకు ఇచ్చారే, దానిని తప్పుపడుతున్నాను.

ఇక చెత్త సంగతి. పది నిమిషాలకు ఒకటి చొప్పున తయారయ్యే లావాదేవీల పుటకు బ్లాకు అని పేరు. 2010లోనే నకమోటో దాని పరిమాణాన్ని ఒక మెగాబైటుకు కట్టడి చేశాడు. ఎవరైనా పనికిరాని లావాదేవీలతో వ్యవస్థను ముంచెత్తకుండా అది రక్షణ అని భావించారు. 2012లో సతోషి డైస్ అనే జూదం వచ్చింది. ఓడినవాడికి కబురుగా అతి చిన్న మొత్తం పంపటం దాని పద్ధతి. ఒక దశలో మొత్తం లావాదేవీల్లో సగానికి పైగా ఆ జూదానివే. జూదం స్పామ్ అవుతుందా? రుసుము చెల్లిస్తున్నది గదా? ఈ తగాదా తెగకుండానే, 2013లో కార్యక్రమం రాసేవారు 5,430 సతోషీల కన్న తక్కువ చెల్లింపును ముందుకు చేరవేయరాదని నిర్ణయించారు. అప్పటి ధరలో అది ఒక అమెరికన్ సెంటు కూడా కాదు. అటువంటి చెల్లింపులకు వారు పెట్టిన పేరు ధూళి. వ్యవస్థను కాపాడటానికి అది అవసరమే కావచ్చు. కాని చిన్న చెల్లింపుకు ధూళి అని పేరుపెట్టగల దృష్టి ఎవరిదో పేరే చెబుతున్నది.

2015 నుంచి 2017 దాకా జరిగిన అంతర్యుద్ధం దీని కొనసాగింపే. బ్లాకును పెద్దది చేయాలని ఒక పక్షం, చేస్తే సామాన్యుడు తన ఇంట్లో ఆ చిట్టాను నడుపుకోలేడని మరొక పక్షం. 2017 మేలో యాభైకి పైగా కంపెనీలు న్యూయార్క్‌లో కూడి పరిమాణం పెంచాలని ఒప్పందం చేసుకున్నవి. లెక్కల శక్తిలో అత్యధిక భాగం వారి చేతిలోనే వున్నది. అయినా సొంత నోడ్లు నడుపుకునే వాడుకదారుల ప్రతిఘటన ముందు ఆ ఏడాది నవంబరులో ఒప్పందం మూలబడింది. కంపెనీల మీద సామాన్యుల విజయమని దీనిని మెచ్చుకోవలసిందే. అయితే ఆ విజయం వెంట ఏమి వచ్చింది? పుటలో చోటు చాలక, డిసెంబరులో ఒక లావాదేవీకి సగటు రుసుము 50 డాలర్లు దాటింది. అప్పటి మారకంలో దాదాపు 3,200 రూపాయలు. ఆ ఏడాది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఉపాధి హామీ రోజుకూలి 197 రూపాయలు. అంటే ఒక్కసారి డబ్బు పంపటానికి పదహారు రోజుల కూలి! బ్యాంకు అక్కరలేని పేదవాడి డబ్బు అని ప్రచారం చేసినవారు ఈ లెక్క వేసి చూపించరు.

2023 జనవరిలో ఆర్డినల్స్ అనే పద్ధతి వచ్చి, అదే చిట్టాలో బొమ్మలు, జోక్యాలు, కొత్త నాణేల పేర్లు చెక్కటం మొదలైనప్పుడు పాత ప్రశ్న తలకిందులుగా వచ్చింది. ఇప్పుడు చెత్త పోసేవాడు డబ్బున్నవాడు. రుసుము చెల్లించాడు కాబట్టి అది చెత్త కాదని లెక్కల గిడ్డంగుల యజమానులు సంతోషించారు. 2025 అక్టోబరులో వెలువడిన బిట్‌కాయిన్ కోర్ 30వ కూర్పు, లావాదేవీకి జతపరచే అదనపు సమాచారం మీద వున్న చిన్న పరిమితిని లక్ష బైట్లకు పెంచినప్పుడు, అది చెత్తకు తలుపు తీయటమేనని వేలాదిమంది అలిగి నాట్స్ అనే వేరే కూర్పుకు మారారు. సుంకమే కావలి అయినచోట చెత్తకు నిర్వచనం ఒక్కటే: సుంకం కట్టలేనిది. ఆ నిర్వచనంతో తృప్తిపడలేనివారు చివరికి మళ్లీ మనుషుల తీర్పునే వెతుక్కుంటున్నారు. బ్రైడ్‌బార్ట్ కొలతను నలుగురూ కలిసి ఒప్పుకున్న రోజులు వారిలో ఎందరికి జ్ఞాపకమో!

మన దేశంలో ఈ కథ ఇంకొక మలుపు తిరిగింది. స్పామ్‌ను ఆపే యంత్రంలోంచి పుట్టిన నాణెపు చిట్టాను, మన టెలికాం నియంత్రణ సంస్థ తిరిగి స్పామ్‌ను ఆపటానికే వాడింది. 2018 జూలైలో చేసిన నిబంధనల ప్రకారం వ్యాపార ఎస్సెమ్మెస్‌లు పంపే సంస్థలు, వారి పేర్లు, సందేశాల నమూనాలు కంపెనీలు ఉమ్మడిగా నిర్వహించే బ్లాక్‌చెయిన్ చిట్టాలో నమోదై వుండాలి. ఇక్కడ లెక్కల శ్రమ లేదు, నాణెం లేదు, మారుపేర్లు లేవు. కావలివాడు తన బోర్డు తగిలించుకొని గుమ్మంలోనే కూర్చున్నాడు. 2021 మార్చి 8న నమోదుకాని సందేశాలను వడకట్టటం మొదలుపెట్టేసరికి బ్యాంకుల ఓటీపీలు, టీకా నమోదు కబుర్లు కూడా ఆగిపోయి దేశమంతటా గగ్గోలు పుట్టింది. తలుపు ఎవరు మూశారో జనానికి తెలుసు; ఎవరిని అడగాలో తెలుసు. మరునాడే ఆ సంస్థ వడపోతను వారం రోజులపాటు నిలిపివేసింది.