‘సర్వర్ డౌన్’ అంటే అసలేంటి? భూభారతి సైట్ ఫోన్‌లో ఇలా ఓపెన్ అవుతుంది

పిట్లం (కామారెడ్డి జిల్లా): పట్టా వివరాలు చూద్దామని మీసేవకు వెళ్తే వినిపించే మాట ‘సర్వర్ డౌన్’. భూముల రికార్డుల కోసం 2020 అక్టోబర్ 29న ధరణి పోర్టల్ వచ్చింది. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి మొదలైంది. పేరు మారినా రైతు చూసేది మాత్రం వెబ్‌సైట్‌లోనే.

ఇంతకీ వెబ్‌సైట్ అంటే ఏంటి? ఎక్కడో 24 గంటలూ ఆన్‌లో ఉండే కంప్యూటర్‌లో దాచిన పేజీలే. ఆ కంప్యూటరే సర్వర్. ప్రపంచంలో మొదటి వెబ్‌సైట్‌ను టిమ్ బెర్నర్స్ లీ స్విట్జర్లాండ్‌లోని సెర్న్ ల్యాబ్‌లో తయారు చేశారు. 1991లో అది బయటివాళ్లకూ అందుబాటులోకి వచ్చింది.

పిట్లంలో ఒక రైతు ఫోన్‌లో అడ్రస్ కొట్టాడనుకుందాం. ఫోన్‌కు ఆ పేరు అర్థం కాదు, నంబర్ కావాలి. డీఎన్‌ఎస్ అనే వ్యవస్థ పేరు చూసి నంబర్ ఇస్తుంది. మన కాంటాక్ట్ లిస్ట్ లాంటిదే అది. ఆ నంబర్ ఉన్న సర్వర్‌కు రిక్వెస్ట్ వెళ్తుంది, పేజీ తిరిగొస్తుంది. సర్వే నంబర్ కొట్టగానే సర్వర్ డేటాబేస్‌లో వెతికి, ఆ వివరాలు పంపిస్తుంది. పేజీ వచ్చినా వివరాలు రాకుండా చక్రం తిరుగుతూనే ఉంటే, చాలాసార్లు ఇబ్బంది డేటాబేస్ దగ్గరే. ఒకేసారి వేల మంది అడిగినా ఇదే జరుగుతుంది. మిగతా సైట్లు బాగానే ఓపెన్ అవుతుంటే మీ సిగ్నల్‌ను తిట్టుకోవాల్సిన పనిలేదు.

అసలు జాగ్రత్త అడ్రస్ దగ్గర కావాలి. అందులో ‘హెచ్‌టీటీపీఎస్’ తర్వాత వచ్చే పేరును, మొదటి స్లాష్ వరకు, వెనక నుంచి చదవాలి. భూభారతి అడ్రస్ ‘తెలంగాణ డాట్ గవ్ డాట్ ఇన్’ అని ముగుస్తుంది. గవ్ డాట్ ఇన్ పేర్లు ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు. డాట్ కామ్ అయితే డబ్బు కట్టి ఎవరైనా కొనుక్కోవచ్చు. ‘గవ్’ అనే మాట మధ్యలో ఎక్కడో ఉండి, చివర డాట్ కామ్ ఉంటే అది ప్రభుత్వ సైట్ కాదు. అలాగని ప్రభుత్వ సంస్థలన్నీ గవ్ డాట్ ఇన్‌లోనే ఉండవు. రైలు టికెట్ల ఐఆర్‌సీటీసీది కో డాట్ ఇన్.

తాళం గుర్తు కనిపించినంత మాత్రాన నమ్మేయొద్దు. మీకు, సర్వర్‌కు మధ్య మాటలు వేరేవాళ్లు చదవలేరని మాత్రమే దానర్థం. దొంగ సైట్‌కూ ఆ తాళం ఉండొచ్చు.

వాట్సాప్‌లో వచ్చిన లింక్‌లో ఆధార్, ఓటీపీ ఇచ్చి డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బును ఖాతాలో ఆపే అవకాశం అంత ఎక్కువ.