పట్టా ఇచ్చారు, పైపు ఇవ్వలేదు (నీళ్ళ చరిత్ర - 6)



గత భాగంలో మహద్ గురించి రాశాను. 1927 మార్చి 20న బాబాసాహెబ్ చౌదార్ చెరువులో దిగి నీళ్ళు దోసిట పట్టినప్పుడు ప్రశ్న సూటిగా ఉంది: అందరి చెరువులో నీళ్ళు ముట్టుకునే హక్కు మాకుందా, లేదా? అది చదివి మా విద్యార్థులు కొందరు అడిగారు. "ఇప్పుడు ఇంటింటికీ కుళాయి వచ్చింది కదా మేడమ్, ఇంకా చెరువు గొడవేంటి?"

మంచి ప్రశ్న. చెరువు గట్టు మీద నిలబడి వద్దనే మనిషి కనబడతాడు. భూమిలో పాతిన పైపు కనబడదు. అది ఎంత లావుది, ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగిపోయింది, ఎవరి వీధికి ముందు వెళ్ళింది? ఈ సంగతులు ఏ చరిత్ర పుస్తకంలోనూ ఉండవు. మన గుంటూరు, ప్రకాశం నేల మీద కొత్త కాలనీకి నీళ్ళు ఎలా వచ్చాయి, ఎలా రాలేదు అని చూస్తే కులం చరిత్రే కనబడుతుంది.

వందేళ్ళ వెనక్కి వెళ్దాం. అప్పుడు మనం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాం. ఒంగోలు తాలూకా కూడా గుంటూరు జిల్లాలోనే ఉండేది. 1920 ప్రాంతంలో మద్రాసు ప్రభుత్వం లేబర్ కమిషనర్ అనే పదవి పెట్టి, అణగారిన కులాలకు ఇళ్ళ స్థలాలు ఇచ్చే పని మొదలుపెట్టింది. అంతవరకూ మన గుడిసె ఉన్న నేల భూస్వామిది. కూలి ఎక్కువ అడిగితే మర్నాడు గుడిసె ఉండదు. అందుకే సొంత స్థలం అనేది మన పెద్దలకు స్వేచ్ఛ. చాలాచోట్ల ఆ స్థలం ఊరికే రాలేదు కూడా, సహకార సంఘాల ద్వారా వాయిదాలు కట్టించుకున్నారు.

స్థలంతో పాటు నీళ్ళెలా? ఊరబావికి రానివ్వరు. రానివ్వమని ఊరిని గట్టిగా అడిగే ధైర్యం ప్రభుత్వానికి లేదు. కాబట్టి మనకు వేరే బావి తవ్వించింది. 1924లో రెట్టమలై శ్రీనివాసన్ మద్రాసు శాసనమండలిలో తీర్మానం పెట్టి నెగ్గించారు: ప్రజల రోడ్లు, బావులు, చెరువులు అన్ని కులాలవీ అని. కాగితం మీద బావి అందరిదీ అయింది. నేల మీద మాత్రం ప్రభుత్వ ఖర్చుతో రెండో బావి వెలిసింది. ఆ బావి మన దాహం తీర్చింది, కాదనను. అయితే ఒక పద్ధతి కూడా అక్కడే స్థిరపడింది. దళితులకు ఊరి నీటి ఏర్పాటులో వాటా ఇవ్వరు, పక్కన చిన్న ఏర్పాటు ఒకటి చేసిపెడతారు. బావి పోయి చేతిపంపు వచ్చినా, చేతిపంపు పోయి బోరు మీద సింటెక్స్ ట్యాంకు వచ్చినా ఆ పద్ధతి చాలాచోట్ల అలాగే ఉంది.

పక్క ఏర్పాటు ఎంత బలహీనమైనదో కారంచేడు చూపించింది. అక్కడ మాదిగపల్లె తాగే చెరువు వేరు. 1985 జూలై 16న ఆ చెరువు దగ్గర గేదెలకు కుడితి పెట్టిన బకెట్ కడిగి, ఆ మురికి తాగే నీళ్ళలో పడేలా చేశారు కమ్మ యువకులు. ఇదేంటని అడిగిన చంద్రయ్య మీద పడ్డారు. నీళ్ళకొచ్చిన మున్నంగి సువార్తమ్మ అడ్డం వెళ్తే ఆమె మీదికీ చెర్నాకోల లేచింది. ఆమె చేతిలో బిందె ఎత్తింది. మర్నాడు, జూలై 17న, పల్లె మీద దాడి జరిగింది. ఆరుగురు మాదిగల్ని వెంటాడి చంపారు. ఆడవాళ్ళ మీద అత్యాచారాలు చేశారు. ప్రాణాలతో మిగిలినవాళ్ళు చీరాల చేరారు. కత్తి పద్మారావు, బొజ్జా తారకం వంటి వాళ్ళు ముందు నిలిచిన ఆ పోరాటం నుంచే 1985 సెప్టెంబర్ 1న దళిత మహాసభ పుట్టింది.

మన సభల్లో ఇదంతా చెప్పుకుంటాం. చెప్పుకోనిది ఒకటుంది. బాధితులు మళ్ళీ ఆ ఊరికి పోమన్నారు. చీరాలలో విజయనగర్ కాలనీ అలా వచ్చింది. తాగేనీళ్ళ దగ్గర మొదలైన నెత్తురు ఒక కొత్త కాలనీని పుట్టించింది. అంటే మన చరిత్రలో కాలనీ అన్న మాటకు గృహనిర్మాణ శాఖ ఫైలులో లేని అర్థం ఉంది. తరిమితే వచ్చి తలదాచుకున్న చోటు అది. అలాంటి చోటికి నీళ్ళివ్వడాన్ని దయ అనకూడదు, బాకీ తీర్చడం అనాలి.

కారంచేడు తర్వాత వచ్చిన 1989 అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3లో ఒక నేరం రాసి ఉంది: ఎస్సీ, ఎస్టీలు వాడుకునే నీటిని పాడుచేయడం. చదివిన ప్రతిసారీ నాకు సువార్తమ్మ బిందె గుర్తొస్తుంది. వేజెండ్లలో పుట్టిన కొలకలూరి ఇనాక్ గారి కథల పేర్లు చూడండి: ఊరబావి, అస్పృశ్యగంగ. మన జిల్లా దళిత కథ నీళ్ళ దగ్గరికి ఊరికే వెళ్ళలేదు.

ఇక పైపు దగ్గరికి వద్దాం. రాజ్యాంగం 15వ అధికరణం రెండో భాగంలో బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్ల ప్రస్తావన ఉంది. ఆనాటికి వివక్ష జరిగే చోట్లు అవి. ఈనాడు వివక్షకు మనిషి అక్కర్లేదు, ఇంజినీరింగ్ చాలు. ఓవర్‌హెడ్ ట్యాంకు ఊరి మధ్య కడతారు. పైపు పెద్ద వీధుల మీదుగా పోతూ సన్నబడుతుంది. మధ్యలో ఇళ్ళవాళ్ళు మోటార్లు పెట్టి లాగుతారు. ఆఖరి కొసన ఉండేది మన కాలనీ, వాల్వ్ తిప్పే సమయమూ మనకు ఆఖరే. నేను పెరిగిన కాలనీ 1980ల్లో ఇచ్చిన పట్టాలతో వచ్చింది. కుళాయి నా ఏడో తరగతిలో వచ్చింది. గుంట తవ్వి, అందులో దిగి, కుళాయి కింద గిన్నె పెడితే తప్ప నీళ్ళు పడేవి కావు. మా అమ్మ రాత్రి 2 గంటలకు లేచేది. ఎవరూ మమ్మల్ని రావద్దనలేదు. నీళ్ళే రాలేదు.

మన నేల సంగతి కూడా చెప్పాలి. నల్లరేగడి తేమను పట్టి ఉంచుతుంది, అందుకే పత్తి పండుతుంది. అదే గుణం ఇంకుడు గుంటకు శత్రువు. తడిస్తే ఉబ్బి నీళ్ళను ఇంకనివ్వదు. ఎండితే నెర్రెలు విచ్చి పైపుల అతుకులు లాగేస్తుంది. కాబట్టి ఇక్కడ కాలనీ వేస్తే మురుగు బయటికి పోయే దారి ముందే ఉండాలి. లేకపోతే సెప్టిక్ ట్యాంకు పొంగి వీధిలోకే వస్తుంది. పైగా మన కాలనీలకు దొరికేవి ఎక్కువగా పల్లపు భూములు, వాగు పక్క పోరంబోకులు.

దీన్ని మనసులో పెట్టుకుని రెండు లేఅవుట్లు పక్కపక్కన చూద్దాం.

మొదటిది ప్రైవేటు వెంచర్. 2012లో గుంటూరు నగరపాలక సంస్థలో చుట్టూ ఉన్న 10 గ్రామాలు కలిశాయి. మిరప, పత్తి పండిన చేలల్లో ఇప్పుడు వెంచర్ల ఆర్చీలు నిలబడ్డాయి. లేఅవుట్ నిబంధనల ప్రకారం రోడ్లు, మురుగు కాలువలు, నీళ్ళ లైన్లు, కరెంటు స్తంభాలు డెవలపరే వేయాలి. పదో వంతు స్థలం ఖాళీగా వదలాలి. ఈ పనులన్నీ చేస్తానని హామీగా కొన్ని ప్లాట్లు స్థానిక సంస్థకు తనఖా పెట్టాలి. పని పూర్తయితేనే అవి విడుదలవుతాయి. ఎగ్గొట్టేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఎగ్గొట్టినా రుసుము కట్టి క్రమబద్ధీకరించుకునే పథకాలూ వచ్చాయి. కానీ సూత్రం గమనించండి: నీళ్ళూ మురుగు దారీ చూపించకుండా ప్లాటు అమ్మకూడదని ప్రభుత్వమే రూలు రాసింది.

రెండోది ప్రభుత్వం పేదలకు వేసే లేఅవుట్. 2020 డిసెంబర్ 25న మొదలైన పథకంలో రాష్ట్రమంతా 30 లక్షలకు పైగా పట్టాలిచ్చామన్నారు. పట్నంలో 1 సెంటు, పల్లెలో సెంటున్నర. 1 సెంటు అంటే 48.4 చదరపు గజాలు. చదరంగా కొలిస్తే ఒక్కో పక్క 21 అడుగులు. సెప్టిక్ గుంటకూ బోరుకూ మధ్య 50 అడుగులైనా ఎడం ఉండాలని ఇంజినీర్లు చెబుతారు. మీ స్థలమే 21 అడుగులైతే మీ బోరు పక్కన మీ గుంటో, పక్కింటివాళ్ళ గుంటో ఉండక తప్పదు. అంత చిన్న స్థలాల్లో మనుషులు బతకాలంటే నీళ్ళ లైనూ మురుగు లైనూ ముందే ఉండాలి. ముందు వచ్చింది మాత్రం సరిహద్దు రాయి.

అంతకు ముందు ప్రభుత్వం కట్టిన టిడ్కో ఇళ్ళదీ ఇదే కథ. గుంటూరు అడవితక్కెళ్ళపాడులో ఉన్నలాంటి మూడంతస్తుల బ్లాకులు 2019 నాటికే చాలా పట్టణాల్లో లేచాయి. ఏళ్ళ తరబడి తాళాలు తియ్యలేదు. రోడ్లు, నీళ్ళు, మురుగు లైన్లు పూర్తికాకపోవడం ముఖ్య కారణాల్లో ఒకటి. ఒక పార్టీ గోడలు కట్టింది, ఇంకో పార్టీ సెంట్లు పంచింది. పైపు దగ్గరికి వచ్చేసరికి రెండూ ఒకటే.

అమరావతిలో ఈ రెండు కొలతలూ ఒకే పటం మీద కనిపించాయి. భూమి సమీకరణకు ఇచ్చిన రైతులకు దక్కే ప్లాట్లకు రోడ్లు, తాగునీటి లైన్లు, మురుగు లైన్లు, కేబుళ్ళకు భూమిలోపల గొట్టాలు అన్నీ ప్లానులో ఉన్నాయి. భూమి ఇచ్చినవాళ్ళకు అవి న్యాయంగా రావాలి. అదే రాజధానిలో ఆర్5 జోన్ పేరుతో 2023 మే 26న 50 వేలకు పైగా పేదలకు సెంటు పట్టాలిచ్చారు. ఆగస్టు 3న హైకోర్టు ఇళ్ళ నిర్మాణం మీద స్టే ఇచ్చింది. ఇవ్వాలా వద్దా అని రాష్ట్రమంతా వాదించుకుంది. ఆ సెంటుకు పక్క ప్లాటుకున్న పైపే రావాలని అడిగిన గొంతులు చాలా తక్కువ.

నా ప్రశ్న ఇదే. ప్రైవేటు డెవలపర్ ప్లాట్లు తనఖా పెడితే తప్ప నమ్మని ప్రభుత్వం, మనకు తానే డెవలపర్ అయినప్పుడు ఏం తనఖా పెడుతోంది?

నీళ్ళు రావడం సగం కథే. వాడిన నీళ్ళు ఎటు పోతాయన్నది మిగతా సగం. రాష్ట్ర విభజన తర్వాత విజయవాడ, గుంటూరులకు మురుగు, వాననీటి పనుల కోసం కేంద్రం 1000 కోట్లు ఇచ్చింది. గుంటూరులో భూగర్భ డ్రైనేజీ మొదలై, తవ్విన రోడ్లు మిగిలి, ఏళ్ళ తరబడి సగంలో ఆగింది. 2018 మార్చిలో పాతగుంటూరు ఆనందపేట పరిసరాల్లో తాగే నీళ్ళలో మురుగు కలిసి అతిసారం వచ్చింది, పలువురు చనిపోయారు. ఎక్కువగా ముస్లింలు, పేదలు ఉండే పేటలవి. ఇది ఎలా జరుగుతుందో తెలుసుకోండి. రోజుకు గంటసేపు నీళ్ళు వదిలి ఆపేస్తే పైపు ఖాళీ అవుతుంది. ఖాళీ పైపు పగుళ్ళలోంచి పక్కనున్న మురుగును లోపలికి పీల్చుకుంటుంది. కాబట్టి నీళ్ళు తక్కువసేపు వచ్చే పేటలోనే విషం ఎక్కువ.

డ్రైనేజీ పూర్తయితే సంతోషమే. మరి మ్యాన్‌హోల్ మూసుకుపోతే దిగేదెవరు? మన కోస్తా పట్టణాల పారిశుధ్యం రెల్లి, మాదిగ, మాల కుటుంబాల భుజాల మీద నడుస్తోంది. మనిషిని మురుగులోకి దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. బెజవాడ విల్సన్ నడిపిన సఫాయి కర్మచారీ ఆందోళన్ కేసులో 2014 మార్చి 27న సుప్రీంకోర్టు చనిపోయినవాళ్ళ కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వాలంది. 2023 అక్టోబర్‌లో దాన్ని 30 లక్షలు చేసింది. పరిహారం పెరుగుతోందంటే చావులు ఆగలేదనే అర్థం. కాబట్టి మన కాలనీకి లైను కావాలని అడిగేటప్పుడే, దాన్ని శుభ్రం చేసే యంత్రం కూడా కావాలని అడగాలి. మన ఇంటి మురుగు పోవడానికి మన అన్నదమ్ముడే దిగాల్సి వస్తే అది మన విజయం కాదు.

ఇప్పుడు చేయాల్సిన పని. మీ ఊళ్ళో, మీ పేటలో కొత్త కాలనీ ఏదైనా ఎంచుకోండి. సమాచార హక్కు కింద నాలుగు సంగతులు అడగండి.

ఒకటి, ఈ కాలనీకి నీళ్ళు ఏ ట్యాంకు నుంచి, ఎన్ని అంగుళాల పైపులో వస్తున్నాయి? ఊరి ప్రధాన లైనుకు కలిపారా, విడిగా బోరు వేసి వదిలేశారా?

రెండు, వాల్వ్ ఏ వీధికి ఏ సమయంలో, ఎంతసేపు తిప్పుతున్నారు? ఆ పట్టిక కాపీ ఇవ్వమనండి.

మూడు, మురుగు ఎటు పోతోంది, ఎక్కడ శుద్ధి అవుతోంది?

నాలుగు, ఎస్సీ ఉపప్రణాళిక డబ్బు ఈ కాలనీ పైపు మీద ఎంత ఖర్చయింది? విడదీయలేని పెద్ద పనుల్లో కొంత వాటాను ఉపప్రణాళిక ఖర్చుగా చూపే వీలు 2013 చట్టంలోనే ఉంది. అందుకే మొత్తం అంకె సరిపోదు, వీధి పేరుతో సహా అడగాలి.

ఆఫీసులో 'కుళాయి ఇచ్చాం కదా' అంటారు. తాగునీరు జీవించే హక్కులో భాగమని మన హైదరాబాద్ జలాశయాల కేసులోనే, ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు కేసులో, సుప్రీంకోర్టు చెప్పిందని గుర్తుచేయండి. హక్కు నీళ్ళ మీద, కుళాయి గొట్టం మీద కాదు.

మన తాతలు స్థలం అడిగారు. సాధించారు. మన అమ్మలు కుళాయి అడిగారు. ఆలస్యంగానైనా వచ్చింది. మన తరం అడగాల్సింది కనెక్షన్: పక్క వీధికున్న అదే లావు పైపు, అదే గంటలు, అదే మురుగు దారి, పట్టా కంటే ముందు. జవాబులు వచ్చినవాళ్ళు నాకు పంపండి, అన్నీ ఒకచోట పెడదాం.

వచ్చే భాగం: నాగార్జునసాగర్ కుడి కాలువ చివరి భూముల్లో అసైన్డ్ పట్టాలు.

జై భీమ్.