సూరత్ పరిసరాల్లో అరుదైన సీతాకోకచిలుక: డనైడ్ ఎగ్‌ఫ్లైని గుర్తించడం ఎలా?

వస్త్ర పరిశ్రమకు పేరుగాంచిన సూరత్ నగరానికి ఆగ్నేయ దిశలో పడమటి కనుమల ఉత్తరపు కొన ఉంది. నవ్‌సారీ జిల్లాలోని వాంస్‌దా జాతీయ ఉద్యానం, డాంగ్ జిల్లాలోని పూర్ణా అభయారణ్యం ఈ ప్రాంతానివే. వర్షాకాలం నుంచి నవంబరు వరకు ఇక్కడ సీతాకోకచిలుకల పరిశీలనకు అనువైన సమయం. అభయారణ్యంలో ప్రవేశానికి అటవీ శాఖ అనుమతి తప్పనిసరి.

అయితే అరుదైన జాతి ప్రతిసారీ అడవి లోపలే ఉండదు. కళ్లెదుట వాలినా గుర్తుపట్టలేకపోవడమే అసలు చిక్కు. డనైడ్ ఎగ్‌ఫ్లై ఇందుకు మంచి ఉదాహరణ. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, 2022 సవరణకు ముందు, పులితో పాటు దీని పేరూ ఉండేది.

మగదానిని గుర్తించడం తేలిక. నల్లని రెక్కలపై ఒక్కో పక్కన మూడు తెల్లని మచ్చలు, వాటి అంచున నీలిరంగు మెరుపు కనిపిస్తాయి. ఆడది మాత్రం నారింజ వర్ణంలో, సర్వసాధారణమైన ప్లెయిన్ టైగర్‌ను పోలి ఉంటుంది. ప్లెయిన్ టైగర్ గొంగళిపురుగు జిల్లేడు జాతి మొక్కలను తిని వాటి విషాన్ని ఒంట నింపుకుంటుంది. ఆ చేదు ఎరిగిన పక్షులు దానిని ముట్టవు. విషం లేని ఎగ్‌ఫ్లై ఆ రూపంతోనే ప్రాణం దక్కించుకుంటుంది.

తేడా వెనుక రెక్కలో తెలుస్తుంది. ప్లెయిన్ టైగర్‌కు రెక్క మధ్యభాగంలో మూడు లేదా నాలుగు నల్లచుక్కలు ఉంటాయి. ఎగ్‌ఫ్లై ఆడదానికి పై అంచున ఒకే చుక్క ఉంటుంది. అందువల్ల రెక్కలు విప్పినప్పుడు, ముడిచినప్పుడు రెండు భంగిమలనూ ఫొటో తీయాలి.

ఉదయం ఎండకాచుకునే వేళ సీతాకోకచిలుక కాసేపు కదలక కూర్చుంటుంది. మన నీడ దానిపై పడకుండా, వంగి, నెమ్మదిగా సమీపించాలి. మగది ఎగిరిపోయినా తరచూ తిరిగి అదే చోట వాలుతుంది కనుక వెంటపడటం కన్నా వేచి ఉండటం మేలు. రక్షిత జాతులను పట్టుకోవడం చట్టరీత్యా నేరం. తేదీ, స్థలం నమోదైన ఛాయాచిత్రమే తగిన ఆధారం. ఏటా సెప్టెంబరులో జరిగే బిగ్ బటర్‌ఫ్లై మంత్‌లో ఇటువంటి నమోదులను పౌరులు అందిస్తారు.

ఎగ్‌ఫ్లై గుడ్లు పెట్టే మొక్కల్లో గంగవాయిలి కూర ముఖ్యమైనది. తెలుగువారు పప్పులో వండుకునే ఈ ఆకుకూర పొలం గట్లపై, ఖాళీ స్థలాల్లో తనంతట తాను మొలుస్తుంది. కలుపుగా భావించి మందు చల్లిన చోట గొంగళిపురుగుకు ఆహారం కరువవుతుంది. ఈ జాతి కోసం వెతికేవారు ముందుగా ఆ మొక్కను వెతకాలి, దానిని అక్కడే ఉండనివ్వాలి.