జంటతీగలు విడదీసిన పాలకొల్లు కుర్రాడు

1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొమ్మిదేళ్లు నిండీ నిండని ఓ పిల్లవాడు మాండలిన్ పట్టుకుని వేదికెక్కాడు. కర్ణాటక సంగీతంలో అదే అతని తొలి కచేరీ. పేరు ఉప్పలపు శ్రీనివాస్, ఊరు పాలకొల్లు. ఆ తర్వాత వాద్యమే ఇంటిపేరై మాండలిన్ శ్రీనివాస్ అయ్యాడు.

ఆయన గురించి రాసినవాళ్లు ఎక్కువగా ఆ వయసు దగ్గరే ఆగిపోతారు. బాలమేధావి అనేసి చేతులు దులుపుకుంటారు. చిచ్చరపిడుగే, కాదనేదెవరు! కానీ అతని చేతిలో ఉన్న వాద్యం సంగతి ఎవరూ అంతగా పట్టించుకోలేదు. నిజానికి అసలు కథంతా అందులోనే ఉంది.

మాండలిన్ ఇటలీ నుంచి వచ్చింది. ఎనిమిది తీగలు, నాలుగు జంటలు. ఒక్కో జంటలో రెండు తీగలూ ఒకే స్వరానికి శ్రుతి చేసి ఉంటాయి. మీటగానే టింగుమని మోగి, అంతలోనే అణగిపోతుంది. అందుకే ఒకే స్వరాన్ని నిలపాలంటే వాయించేవాళ్లు మీటును పైకీ కిందికీ గబగబా ఆడిస్తూనే ఉండాలి. సినిమా పాటలో చరణానికీ చరణానికీ మధ్య వచ్చే బిట్లకు ఆ శబ్దం ముచ్చటగానే ఉంటుంది. తోడి రాగాలాపనకు మాత్రం పనికిరాదు. గమకం అంటే స్వరం నుంచి స్వరానికి తెగకుండా సాగే నడక. ధ్వనే చచ్చిపోతే వేలు ఎంత దూరం జారి ఏం లాభం? పైగా రెండేసి తీగలు ఒక్క వేలి కింద సమానంగా జారాలి. వీణకున్నంత మంద్ర స్థాయీ మామూలు మాండలిన్‌కు లేదు.

శ్రీనివాస్ ఈ చిక్కులను ఒక్కొక్కటిగా విప్పుకుంటూ వచ్చాడు. జంటలు విడదీసి ఒంటి తీగలు పెట్టాడు. నాలుగింటికి తోడు కింది స్థాయి కోసం ఇంకొకటి చేర్చాడు. మొత్తం ఐదు. బోలు బుర్ర బదులు ఎలక్ట్రిక్ గిటారులా గట్టి చెక్క పలక తీసుకున్నాడు. బోలు వాద్యంలో తీగ శక్తిని పైపలక లాగేసుకుని ఒక్కసారిగా శబ్దంగా వదిలేస్తుంది. గట్టి చెక్క అంతగా కదలదు కాబట్టి తీగ ఎక్కువసేపు ఊగుతుంది. ఆ ఊపును వినిపించే బాధ్యత పికప్‌ది. అయస్కాంతం చుట్టూ సన్నటి రాగితీగ చుట్ట ఉంటుంది. పైన ఉక్కు తీగ కదిలితే చుట్టలో విద్యుత్తు పుడుతుంది, దాన్ని ఆంప్లిఫయర్ పెంచి స్పీకరుకు పంపుతుంది. తీగ నెమ్మదించాక కూడా నాదం చెవిన పడుతూనే ఉంటుంది. దాంతో కుడిచేతి మీటు ఒక్కటి పడితే చాలు, ఎడమచేతి వేలు మెట్ల మీద జారుతూ నాలుగైదు స్వరాలు పలికించగలిగింది.

ఇది ఎవరూ నేర్పిన విద్య కాదు. తండ్రి సత్యనారాయణ మాండలిన్‌నే పిల్లవాడు మొదట ముట్టుకున్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు, గాత్ర విద్వాంసుడు. ఆయనకు మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవాడు, శిష్యుడు విని వాయించేవాడు, అంతే. వేలు ఎక్కడ పెట్టాలో చెప్పేవారు లేరు కాబట్టి పాట ఎలా వినిపిస్తే వాద్యం అలా పలకాలన్నదే లెక్క. వాద్యం పలకకపోతే? వాద్యాన్నే మార్చాలి. గాత్ర విద్వాంసుడు గురువు కావడం ఇక్కడ అదృష్టమే అనిపిస్తుంది. మాండలిన్ వాయించే గురువు దొరికి ఉంటే ఆ వాద్యానికి ఉన్న హద్దులు కూడా పాఠంతో పాటే వచ్చి ఉండేవి.

మద్రాసులో గొణిగినవాళ్లు లేకపోలేదు. విదేశీ వాద్యం, అందులోనూ కరెంటుది! నిజానికి వయొలిన్ కూడా విదేశీయే, బాలుస్వామి దీక్షితార్ కాలంలో మన కచేరీలోకి వచ్చింది. ఇవాళ అది లేని పాట కచేరీ ఊహకందదు. శ్రీనివాస్ 1983లో పద్నాలుగేళ్ల వయసులో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు. 1998లో పద్మశ్రీ వచ్చింది.

ప్రయోగాల విషయంలో నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించేది 1995 నాటి ‘డ్రీమ్’ ఆల్బమ్. పీటర్ గేబ్రియల్ స్థాపించిన రియల్ వరల్డ్ సంస్థ విడుదల చేసిన ఈ ఆల్బమ్‌లో శ్రీనివాస్‌తో జతకట్టినవాడు కెనడాకు చెందిన మైఖేల్ బ్రూక్. నుస్రత్ ఫతే అలీఖాన్ ‘మస్త్ మస్త్’ ఆల్బమ్ నిర్మాత ఈయనే. బ్రూక్ కూడా వాద్యాలు కనిపెట్టేవాడే. ఆయన తయారుచేసిన ‘ఇన్ఫినిట్ గిటార్’లో పికప్ పట్టిన సంకేతాన్ని పెంచి మళ్లీ తీగకే అందిస్తారు, తీగ ఆగకుండా ఊగుతూనే ఉంటుంది. యూటూ బృందం 1987లో పాడిన ‘విత్ ఆర్ వితౌట్ యూ’ పాటలో సాగుతూ పోయే గిటారు నాదం దానిదే. కెనడాలో ఒకరు, పాలకొల్లులో ఒకరు. మీటిన తీగ త్వరగా చచ్చిపోతోందన్నదే ఇద్దరి బాధా. ఒకరు సర్క్యూట్‌తో జవాబు వెతికారు, ఇంకొకరు చెక్క, తీగ, వేలు కలిపి వెతుక్కున్నారు. ఆ ఆల్బమ్‌లో నాదం ఎక్కడిదాకా చేతిదో, ఎక్కడి నుంచి యంత్రానిదో కొన్నిచోట్ల తేల్చుకోవడం కష్టం.

అన్ని ప్రయోగాలూ అంతగా పండాయని చెప్పలేను. జాన్ మెక్‌లాఫ్లిన్, జాకీర్ హుస్సేన్‌ల ‘రిమెంబర్ శక్తి’ బృందంలో గిటారూ మాండలిన్ పోటాపోటీగా దూసుకుపోతుంటే చప్పట్లు మోగుతాయి కానీ, అతను వాద్యాన్ని మార్చుకున్నది ఆ వేగం కోసం కాదు. ఆ శ్రమకు ఫలితం తెలిసేది నిదానంగా సాగే రాగంలోనే.

2014 సెప్టెంబర్ 19న చెన్నైలో శ్రీనివాస్ కన్నుమూశాడు. వయసు 45. తమ్ముడు రాజేష్‌తో పాటు ఇవాళ కర్ణాటక కచేరీ చేసే మాండలిన్ కళాకారుల చేతుల్లో కనిపించేది ఎక్కువగా ఆ ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండలినే. వినాలనుకునే పాఠకులు ముందు ఆయన త్యాగరాజ కీర్తన ఏదైనా ఒకటి విని, ఆ తర్వాతే ‘డ్రీమ్’ పెట్టుకోండి.