బాప్తిస్మములోని ఇజము

"ఆయన ఇజమేమి?" అని మనవారు అడుగుట మీరు వినియుందురు. కమ్యూనిజము, సోషలిజము అను మాటల చివరి ప్రత్యయము వాటినుండి విడివడి, తానే యొక మాటయై తెలుగులో నిలిచినది. ఏదో యొక సిద్ధాంతమని నేడు దాని యర్థము.

ఈ ప్రత్యయము పుట్టినిల్లు గ్రీకు భాష. అందు 'ఇజో' అని ముగియు క్రియలు కలవు. వాటినుండి పుట్టిన నామములు 'ఇస్మొస్', 'ఇస్మ' అని ముగియును. 'బప్తిజో' అనగా ముంచుచున్నాను. దానినుండి పుట్టినదే 'బప్తిస్మ', మన తెలుగు బైబిలులోని బాప్తిస్మము. కాబట్టి ఇజము మనకు క్రొత్త చుట్టము కాదు. కమ్యూనిజమను మాట తెలుగులోనికి రాకమునుపే అది మన బాప్తిస్మములో నున్నది. అయితే దాని మొదటి యర్థము సిద్ధాంతము కాదు, చేసిన పని. తరువాత ఒక తీరున నడచుకొనుట అను అర్థమును వచ్చెను. పౌలు గలతీ పత్రిక 1వ అధ్యాయములో తన పూర్వపు నడవడిని 'యూదాయిస్మొస్' అనెను. 'క్రిస్తియానిస్మొస్' అను మాట క్రొత్త నిబంధనలో లేదు. మనకు లభించిన వ్రాతలలో దానిని మొదట వాడినవాడు రెండవ శతాబ్ది ఆరంభమున అంతియొకయ సంఘాధ్యక్షుడైన ఇగ్నాతియ. మరణమునకై రోమాకు కొనిపోబడుచు ఆయన వ్రాసిన పత్రికలలో అది కలదు. క్రైస్తవుడను పేరు చాలదు, ఆ తీరున బ్రదుకవలెనని ఆయన బోధ.

ఈ సంగతి తలంచునప్పుడెల్ల నాకు మన దేవరుప్పుల మండలములోని కడవెండి జ్ఞాపకము వచ్చును. 1946 జూలై 4న అచ్చట వెట్టికిని, విసునూరు దేశముఖు దౌర్జన్యమునకును ఎదురునిలిచి ఊరేగింపుగా పోవుచుండిన దొడ్డి కొమరయ్య, దేశముఖు మనుష్యుల తుపాకి గుండుకు కూలెను. 1951 వరకు సాగిన తెలంగాణ సాయుధ పోరాటము ఆ మరణముతో రగిలెను. ఆ పల్లెవారు తమ కూటమిని 'సంగం' అనిరి. ఇజములను చదివినవారు వారిలో ఎందరుందురు? వెట్టి చేయము, భూమి విడువము అను పట్టుదలయే వారిని వీధిలోనికి తెచ్చెను. పిమ్మట ఇరువైపుల చిందిన రక్తమును నేను కొనియాడను. అయినను ఆ 'సంగం' అను మాట నన్ను గుచ్చుచున్నది.

మనకును సంఘము కలదు. గలతీ 3వ అధ్యాయము బాప్తిస్మమును గూర్చి చెప్పినచోటనే, దాసుడు స్వతంత్రుడు అను భేదము క్రీస్తునందు లేదనుచున్నది. సంఘపు పట్టీలో మన పేరున్నది, బాప్తిస్మము పొందిన తేదీయు నున్నది. మన పొలములో వంగిన కూలివానికి కూలి ముట్టినదా? మనకంటె తక్కువవాడని ఎవనిని గడపయొద్దనే నిలిపితిమి?

రాబోవు ఆదివారము ప్రభువు బల్లయొద్దకు వచ్చుటకు ముందు ఈ లెక్క చూచుకొనుడి. బాప్తిస్మము నీళ్లలోనుండి పైకి వచ్చిన దినముతో ముగిసిన పని కాదు.